కొట్టేసిన మొదటి మాట

థెరపీ సెంటర్ వాళ్లు ఫోన్‌కి పంపిన ఫారం నాలుగు పేజీలుంది. కోటబొమ్మాళి స్టేషన్ రోడ్డులో జిరాక్స్ షాపుకి వెళ్లి ప్రింటు తీయించుకుని, నలగకుండా బడి రిజిస్టర్ల మధ్య పెట్టుకుని ఇంటికి తెచ్చాను. శ్రీకాకుళంలో మాకు ఇచ్చిన రోజు రెండో శనివారం. ఇంకా పన్నెండు రోజులుంది. మూడేళ్ల నాలుగు నెలలు నిండిన మా పాపకి మాటలు ఎందుకు రావడం లేదో ఆ రోజు పరీక్ష చేసి చూస్తారు. ఈలోగా ఇంట్లో పాప ఎలా ఉంటుందో మేము రాసుకు రావాలి, ఒక పది నిమిషాల వీడియో తీసి తేవాలి.

మూడో పేజీలో ఒక ప్రశ్న ఉంది. పాప ఎవరూ అనిపించకుండా తనంతట తాను అనే మాటలు రాయండి అని. కింద ఇరవై గీతలు, అన్నీ ఖాళీ. నేను ప్రైమరీ స్కూల్ టీచర్ని. ఖాళీ గళ్లు కనిపిస్తే నా చెయ్యి ఊరుకోదు. ఇన్‌స్పెక్షన్ అని కబురొస్తే చాలు, రెండు రోజుల్లో రికార్డులన్నీ నిండిపోతాయి మా దగ్గర. అలా నింపడం తప్పనే ఆలోచన కూడా పోయి చాలా ఏళ్లయింది. బ్లూ పెన్ను తీసి పదిహేడు మాటలు రాశాను. బువ్వ, పాలు, కాకి, బస్సు, తాత అంటూ వరసగా. అన్నిటికన్నా పైన, మొదటి గీత మీద, గుండ్రటి అక్షరాలతో అమ్మ అని రాశాను.

మా పాప నన్ను ఒక్కసారి కూడా అమ్మా అని పిలవలేదు. తొమ్మిదో నెలలో మ్మమ్మమ్మ అంటూ ఒక వారం ఆడుకుంది. ఆ వారమంతా నేను ఊరందరికీ ఫోన్లు చేసి చెప్పాను, పిల్ల అమ్మా అంటోందని. తర్వాత ఆ శబ్దం కూడా ఆగిపోయింది. పిల్ల నవ్వుతుంది, ఏడుస్తుంది, చెయ్యి పట్టుకుని లాక్కెళ్లి కావలసింది చూపిస్తుంది. మాట మాత్రం రాదు. ఫారంలో రాసేటప్పుడు నేను అబద్ధం రాస్తున్నానని తెలుసు. మిగతా పదహారు అబద్ధాలూ ఆ ఒక్కదానికి తోడుగా రాసినవే.

బడిలో నాకు ముప్ఫైరెండు మంది పిల్లలు. ఒకటో తరగతి వాళ్లు పరధ్యానంలో టీచర్ అనబోయి అమ్మా అనేస్తుంటారు. పక్కవాళ్లు కిసుక్కున నవ్వుతారు, అన్న పిల్ల సిగ్గుపడి పలక మొహానికి అడ్డం పెట్టుకుంటుంది. మొదట్లో నేనూ వాళ్లతో కలిసి నవ్వేదాన్ని. పాపకి రెండో ఏడు నిండాక నవ్వలేకపోయాను. ఒకరోజు ఒక చిన్నపిల్ల అలా అంటే, ఏం బుద్ధి పుట్టిందో, ఏదీ మళ్లీ అను అన్నాను. తిడుతున్నాననుకుని అది బిక్కచచ్చిపోయింది. నాకు తల కొట్టేసినట్టయింది. ఆ పూట దాని చేత బెల్లు కొట్టించి బుజ్జగించాను.

ఈ ఫారం రాకముందు చెవుల పరీక్ష చేయించాం. పాపకి నిద్రమందు పట్టించి, తలకి వైర్లు అతికించి, గంటన్నర చూశారు. వినికిడి బాగుందన్నారు. మా ఆయన పలాసలో రైల్వే ఉద్యోగి. డ్యూటీకి సెలవు పెట్టుకుని వచ్చినవాడు ఆ మాట వినగానే చేతులు జోడించి గోడకి ఆనుకున్నాడు. నాకు ఏడుపొచ్చింది, సంతోషంతో కాదు. చెవిలో లోపముంటే ఒక మిషను పెడతారు, ఇక పిల్ల వింటుంది, పిలుస్తుంది అని లోలోపల లెక్క వేసుకున్నాను. కన్నతల్లి అలా కోరుకోకూడదని తెలుసు. కోరుకున్నాను.

అప్పటికే అందరూ తలో దారీ చెప్పి ఉన్నారు. మా పిన్ని వస కొమ్ము పంపింది, తేనెలో అరగదీసి నాలిక్కి రాయమని. చర్చికి వెళ్లే పక్కింటి అక్క ప్రతి ఆదివారం ప్రార్థనలో మా పాప పేరు చెప్పిస్తోంది. మా ఆయన తనకీ నాలుగో ఏటగానీ మాటలు రాలేదని, దానిదీ తన పోలికేనని కొట్టిపారేసేవాడు. మాట్లాడటం మొదలుపెట్టాక కూడా తమరు పెద్దగా మాట్లాడింది లేదు కదా అని నేను ఎత్తిపొడిచేదాన్ని. నాకు ముక్కు మీద కోపం, ఆయన నోట్లో మాట బయటికి రావడానికి ముహూర్తం చూసుకోవాలి. ఇద్దరికీ మధ్య ఈ పిల్ల.

పన్నెండు రోజుల్లో పిల్లని తయారు చేసెయ్యాలనుకున్నాను. ఇక్కడే నా వృత్తి నా కొంప ముంచింది. ఆఫీసరు వస్తున్నాడంటే మేము బడిలో ముందు బెంచీలో నలుగురికి పాఠం నూరిపోస్తాం. ఆయన ఏం అడుగుతాడో మాకు తెలుసు, వాళ్లు ఏం చెప్పాలో వాళ్లకి తెలుసు. అదే పని ఇంట్లో మొదలుపెట్టాను. బడి నుంచి బొమ్మల కార్డులు తెచ్చాను. సాయంత్రం అయిదున్నర నుంచి ఆరున్నర దాకా పాపని పీట మీద కూర్చోబెట్టి ఒక్కో కార్డూ ఎత్తి చూపిస్తూ, ఇదేంటి, ఆవు, చెప్పు, ఆవు, ఆ, వు, అంటూ చెవిలో ఇల్లు కట్టుకుని చెప్పాను. ఆవు అయ్యాక నా గుండె మీద చెయ్యి పెట్టుకుని, అమ్మ, అను, అమ్మ, అని ఇరవైసార్లు. మొదటి రెండు రోజులు పిల్ల నా పెదాలకేసి చూసింది. మూడో రోజు లేచి వచ్చి తన అరచేత్తో నా నోరు మూసింది. నాలుగో రోజు కార్డుల సంచీ జిప్పు చప్పుడు వినగానే మంచం కిందికి దూరింది. మంచం కింద నుంచి కాలు పట్టుకుని లాగాను. ఆ పని తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

ఇదంతా మా అత్త చూస్తూనే ఉంది, అంటే చూడకుండానే చూస్తూ ఉంది. ఆమెది పొందూరు. పదేళ్ల వయసు నుంచి రాట్నం తిప్పుతోంది. మామయ్య పోయాక మా దగ్గరకి వచ్చేటప్పుడు ఒక పెట్టె, ఆ రాట్నం తెచ్చుకుంది. కిటికీ దగ్గర కింద కూర్చుని, కుడిచేత్తో చక్రం తిప్పుతూ ఎడమచేత్తో దూది నుంచి నూలు తీస్తూ ఉంటుంది. ఆ నూలు ఎంత సన్నమంటే, కళ్లు దానిమీదే ఉండాలి, పక్కకి తిరిగితే తెగుతుంది. నేను బడికి వెళ్లాక పాప ఆవిడ దగ్గరే ఉంటుంది. ఆవిడ పిల్లతో ఆడదు, పాడదు, కథలు చెప్పదు. ఎవరైనా మాటల గురించి అడిగితే, వస్తే వస్తాయి అనేసి ఊరుకుంటుంది. పిల్లకి మాటలు రాకపోవడానికి ఈ మౌనమే కారణమని నాకు లోపల బలంగా ఉండేది. బయటికి అనలేదు గానీ గిన్నెలు కాస్త గట్టిగా పెట్టేదాన్ని.

ఆదివారం వీడియో తీయాలని కూర్చున్నాను. ఇంట్లో పిల్ల మామూలుగా ఎలా ఉంటుందో తీయమని రాసి ఉంది. మామూలుగా అంటే నాకు అర్థమైంది ఇది: పిల్లకి తలంటి, కొత్త గౌను వేసి, రిబ్బన్లు కట్టి, నేల తుడిచి, చాప పరిచి, కార్డులు వరసగా పేర్చడం. రాట్నం చప్పుడు వీడియోలో పడుతుందని అత్తని కాసేపు ఆపమన్నాను. ఆవిడ ఆపి, చేతులు ఒళ్లో పెట్టుకుని, నా వైపు వింతగా చూసింది. గూట్లో స్టీలు గ్లాసుకి ఫోన్ ఆనించి మొదలుపెట్టాను. పిల్ల పది నిమిషాలూ రిబ్బను పీక్కుంటూ కూర్చుంది. నేను మాత్రం ఆపకుండా మాట్లాడాను. చివరికి కార్డులు విసిరేసి వంటింట్లోకి వెళ్లిపోయాను. కుళాయి తిప్పుకుని ఏడ్చాను, అంట్లు తోముకుంటూ. గూట్లో ఫోన్ ఆపాలన్న ధ్యాసే లేదు.

మర్నాడు బడిలో, పిల్లలు మధ్యాహ్న భోజనానికి కూర్చున్నాక, వరండాలో స్తంభం చాటున ఆ వీడియో పెట్టుకుని చూశాను. ఎక్కడ కత్తిరించాలా అని చూస్తున్నాను. పది నిమిషాల తర్వాత నేను లేచి వెళ్లిపోయాను. కాసేపు చాప మీద పాప ఒక్కతే. తర్వాత రాట్నం చప్పుడు మొదలైంది. పాప లేచి, అత్త వెనక్కి వెళ్లి నిలబడింది. ఆవిడ భుజం లాగింది. ఆవిడ తిరగలేదు, చక్రం ఆపలేదు. ఏటి, అంది, నూలు మీది నుంచి కన్ను తీయకుండా. అంతే. తర్వాత చాలాసేపు ఏమీ లేదు, రాట్నం చప్పుడు తప్ప. ఎదురుచూడలేక నేను ముందుకి జరపబోయాను. అప్పుడు ఒక గొంతు వినబడింది. చిన్నది, కాస్త బొంగురు. నేనెప్పుడూ వినని గొంతు.

"ఇయ్యి."

అత్త చక్రం తిప్పే చేత్తోనే పక్కనున్న దూది ముద్ద ఒకటి వెనక్కి అందించింది. ఆశ్చర్యపోలేదు, మెచ్చుకోలేదు, మళ్లీ అను అనలేదు. అది వాళ్లిద్దరికీ అలవాటైన సంగతి అని చూస్తే తెలిసిపోతోంది. నా కూతురికి ఒక మాట వచ్చు. అది నాకు తెలియదు. సంతోషం కలగాల్సిన చోట అసూయ కలిగింది నాకు.

వీడియో ఇంకా ఉంది. దూది ముద్దతో పాప వంటింటి గుమ్మం దాకా నడిచింది. ఎదురుగా కాకపోయినా పక్క నుంచి దాని మొహం కనిపిస్తోంది. నా వీపు కూడా కొంచెం కనిపిస్తోంది, కుళాయి దగ్గర. పాప దూది ముద్ద నా వైపు చాపి పట్టుకుంది. నేను చూడటం లేదు. అది కాసేపు నిలబడింది. ఊపిరి తీసుకున్నట్టు భుజాలు లేచాయి. నోరు తెరిచింది. సరిగ్గా అప్పుడే నేను వెనక్కి తిరిగాను, నా గొంతు ఫోన్లోంచి గట్టిగా వచ్చింది, ఏంటమ్మా, దాహమా, నీళ్లు కావాలా, ఇదిగో, రా, అంటూ. పిల్ల నోరు మూసేసింది. నేను దాని చేతిలో గ్లాసు పెట్టాను. అది నీళ్లు తాగలేదు, గ్లాసు గుమ్మం మీద పెట్టి వెళ్లిపోయింది.

ఆ పది సెకన్లు ఎన్నిసార్లు వెనక్కి జరిపి చూశానో. అది ఏం అనబోయిందో ఎవరు చెప్పగలరు? ఇయ్యి అనబోయిందేమో, ఇంకేదైనా కావచ్చు, ఊరికే ఆవులింత కూడా కావచ్చు. ఏదైనా, దాన్ని రానివ్వనిది నేను. మూడేళ్లుగా ఆ పిలుపు కోసం కళ్లల్లో వత్తులు వేసుకుని కూర్చున్నదాన్ని నేనే, అది గుమ్మం దాకా వస్తే నా గొంతుతో తరిమేసినదాన్నీ నేనే. పిల్లలు కంచాలు కడుక్కుని వచ్చి క్లాసుకి రావడం లేదా టీచర్ అని అడిగేదాకా అక్కడే ఉండిపోయాను.

ఆ సాయంత్రం అత్త ముందు కింద కూర్చున్నాను. వీడియో చూపించాను. ఆవిడ చూసి, ఇందులో ఏముందన్నట్టు మళ్లీ చక్రం మీద చెయ్యి వేసింది. ఎప్పటి నుంచి అంటోంది, ఎలా నేర్పావు అత్తా అని అడిగాను. నా గొంతులో ఉన్న ఉక్రోషం ఆవిడకి తెలిసే ఉంటుంది.

"నానేటీ నేర్పనేదమ్మీ. నా సేతులు కాళీగుండవు, నా కళ్లు నూలు మీదుంతాయి. దానికేటి కావాలో నాకు తెల్దు కదా, అదే సెప్పుకోవాల," అంది. చక్రం తిప్పుతూనే, "నువ్వు దాని మొకం సూసీసరికే అన్నీ తెలిసిపోతాయి నీకు. మరింక అదెందుకు సెప్తాది?" అంది.

తిట్టినా బాగుండేది. ఆవిడ తిట్టలేదు, మామూలుగా చెప్పింది, అంతే. చిన్నప్పటి నుంచి దాని ఆకలి అరగంట ముందే నాకు తెలిసేది. ఆ తెలియడమే నా ప్రేమ అనుకున్నాను. మంచి తల్లిని కదా అని గర్వపడ్డాను కూడా. పిల్ల మాట అవసరం లేకుండా దాని కోసం ఒక ఇల్లు కట్టి, ఆ ఇంట్లో కూర్చుని మాట కోసం ఏడుస్తున్నాను. అలాగని తప్పంతా నాదే అనుకోవడానికీ లేదట, మాటలు ఆలస్యం కావడానికి వేరే కారణాలుంటాయని తర్వాత సెంటర్లో చెప్పారు. ఆ రాత్రి మాత్రం అంతా నా నెత్తినే వేసుకున్నాను.

కార్డుల సంచీ బడిలో తిరిగి పెట్టేశాను. మిగిలిన అయిదు రోజులూ ఊరుకోవడం నేర్చుకున్నాను. ఊరుకోవడమంత కష్టమైన పని నేను బతుకులో చెయ్యలేదు. పాప వచ్చి కొంగు లాగేది. ఏం కావాలో నాకు తెలుసు, బిస్కెట్టు డబ్బా. నా చెయ్యి దానంతటదే పైకి లేచేది. నాకు నేనే వేళ్లు ముడుచుకుని, ఏంటి అని ఒక్క మాట అని, మనసులో ఇరవై దాకా లెక్కపెట్టేదాన్ని. పాప ఏడ్చేది. రెండుసార్లు ఓడిపోయి ఇచ్చేశాను. ఒకసారి నా మీద కోపంతో జడ పట్టుకుని లాగి అత్త దగ్గరకి పారిపోయింది. గురువారం నాడు మాత్రం నా చెయ్యి గిల్లి, ఇయ్యి అంది. నా మొహంలోకి చూసి అంది. నేను బిస్కెట్టు ఇచ్చాను. చప్పట్లు కొట్టలేదు. బాత్రూములోకి వెళ్లి తలుపేసుకుని టవలు నోట్లో కుక్కుకున్నాను.

శుక్రవారం ఫారం బయటికి తీశాను. కొత్తది ప్రింటు తీసుకోవచ్చు. కానీ రిజిస్టరులో తప్పు పడితే వైట్‌నర్ వాడకూడదు, చింపకూడదు, ఒక గీత కొట్టి పక్కన సంతకం పెట్టాలి. ఇన్నేళ్లలో ఆ ఒక్క నియమమైనా నిజాయితీగా పాటిద్దామనిపించింది. బువ్వ కొట్టేశాను, సంతకం. కాకి, సంతకం. పదహారు గీతలూ చకచకా అయిపోయాయి. మొదటి మాట దగ్గర పెన్ను ఆగిపోయింది. కొట్టేస్తే నిజంగానే లేనట్టు అవుతుంది. మా ఆయన అప్పుడే పలాస నుంచి వచ్చి, చెప్పులు విప్పకుండానే నా వెనక నిలబడి చదివాడు. నా పక్కన కూర్చున్నాడు. కొట్టేశాను. సంతకం వంకరగా వచ్చింది. అట్టడుగున ఒకటే మాట రాశాను, ఇయ్యి అని.

శనివారం పొద్దున్నే బస్సులో బయల్దేరాం. అత్త రానంది, పని ఉందంది. సెంటర్ రెండో అంతస్తులో ఉంది. థెరపిస్టు పాతికేళ్లు దాటని అమ్మాయి. నేల మీద పాప ఎదురుగా కూర్చుని, సబ్బు బుడగల సీసా మూత గట్టిగా బిగించి పాప చేతికిచ్చి, తన పని తాను చేసుకుంటున్నట్టు ఎటో చూస్తూ ఊరుకుంది. మా అత్త ఎదురుగా కూర్చున్నట్టే అనిపించింది నాకు. పాప సీసా తిప్పి చూసి, విసిరేసి, మళ్లీ తెచ్చి ఆ అమ్మాయి ఒళ్లో పెట్టింది. మాట రాలేదు. నా చేతులు కుర్చీ కింద పెట్టుకుని కూర్చున్నాను. మా ఆయన కిటికీలోంచి రోడ్డు మీది ఆటోలు చూస్తున్నాడు, పాప వైపు చూసే ధైర్యం లేక.

కాసేపయ్యాక ఆ అమ్మాయి ఫారం తిరగేసింది. మూడో పేజీ దగ్గర ఆగి, పదిహేడు గీతలూ పదిహేడు సంతకాలూ చూసింది. నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు. పైమాట మీద వేలు పెట్టి, ఇది ఎప్పుడైనా అనేదా మేడం, తర్వాత మానేసిందా అని అడిగింది. అది వాళ్లకి ముఖ్యమైన సంగతట, వచ్చిన మాట పోవడం వేరు, రాకపోవడం వేరు.

"ఎప్పుడూ అనలేదండీ. అనాలని రాసుకున్నాను," అన్నాను.

ఆ అమ్మాయి తల ఊపి ఏదో రాసుకుంది. తర్వాత మెల్లిగా, మీరిద్దరూ రెండు నిమిషాలు బయటికి వెళ్లండి, పాప ఆటలో ఉండగానే, తలుపు కొంచెం తెరిచి ఉంచుతాను అంది. మీరు లేరని గమనిస్తే ఏం చేస్తుందో చూడాలి, నేను పిలిచేదాకా లోపలికి రావద్దు, పిల్ల బాగా బెదిరితే నేనే పిలుస్తాను అని చెప్పింది. మేము లేచి బయటికి వచ్చాం. మా ఆయన మెట్ల మీద కూర్చుండిపోయాడు. నేను తలుపు సందులోంచి చూస్తూ నిలబడ్డాను.

పాప కాసేపు ఆ అమ్మాయి ఊదిన బుడగలు పగలగొట్టింది. తర్వాత వెనక్కి తిరిగింది. నా కుర్చీ చూసింది. దగ్గరకొచ్చి కుర్చీ మీద చెయ్యి వేసి తడిమింది, కింద వంగి చూసింది. ఆ అమ్మాయి వైపు చూసింది. ఆ అమ్మాయి సీసా మూత తుడుచుకుంటూ కూర్చుంది. పాప మొహం ఏడుపుకి సిద్ధమైంది. దాని మొహంలో ఏముందో నాకు తెలుసు, ఎప్పటిలాగే అంతా తెలుసు. ఒక్క అడుగు వేస్తే చాలు, ఎత్తుకుంటే ఆగిపోతుంది. తలుపు గొళ్లెం నా చేతిలోనే ఉంది.

పాప భుజాలు లేచాయి. నోరు తెరిచింది. అమ్, అంది. పెదాలు కలిసి అలాగే ఉండిపోయాయి. మిగతా సగం కోసం నేను బయటే నిలబడ్డాను.